ఏడో పాటలో ఆగిన చోటు

ఆ ఆదివారం పది గంటలయ్యేసరికి ఇంట్లో ఏడుగురయ్యారు. వడ్రంగి నాన్న. ఆయన్ని ఒక్క మాటైనా దెప్పకుండా కాఫీ గ్లాసు చేతికివ్వని అమ్మ. లాండ్రీలో ఇస్త్రీ పని చేసే పిన్ని. పక్క ఊరి బస్సు డిపోలో టైమ్‌కీపరుగా ఉంటూ ఆ పూట సెలవు పెట్టి వచ్చిన మామయ్య. సొంత ఆల్బం విడుదలై నాలుగు రోజులైన అన్న. ఆ ఆల్బంలో చోటు లేకుండా పోయిన అన్న స్నేహితుడు. ఇక వీళ్లెవరి కాళ్లకూ అడ్డం రాకుండా గోడకు ఆనుకుని నిలబడ్డ పదహారేళ్ల చీల.

చీల అన్నది నాన్న పెట్టిన ముద్దుపేరు. "సన్నగా ఉంటుంది, ఎక్కడ దిగ్గొడితే అక్కడే ఉంటుంది, చప్పుడు చెయ్యదు" అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పి మురిసిపోయేవాడు. బళ్లో మేష్టారు ప్రశ్న వేస్తే జవాబు తెలిసి కూడా బల్లకేసి చూస్తూ కూర్చునే పిల్ల ఆమె. గొంతు దాకా వచ్చి ఆగిపోయిన మాటలన్నీ సాయంత్రానికి డైరీలోకి చేరేవి.

ఆ రోజు మాత్రం చీలకు కాలు ఒకచోట నిలవడం లేదు. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, పేపరు వాకిట్లో పడగానే అందులోంచి ఒక పేజీ లాగేసి, నాలుగు మడతలు పెట్టి, పిన్నీ తానూ పడుకునే గదిలో పరుపు కిందికి తోసేసింది. ఆ పేజీలో అన్న ఆల్బం గురించి రాశారు. తిట్టి ఉంటే పోనీలే అనుకునేది. పొగిడారు. అదీ ఎనిమిది పాటల్లో ఏడో పాట ఒక్కదాన్నే పట్టుకుని పొగిడారు. ఆ పాట పిన్ని చెవిన పడకూడదు. పడితే, ఈ లోకంలో తను నోరు విప్పి మాట్లాడే ఒకే ఒక్క మనిషి ఇక తనతో మాట్లాడదు.

అన్నకు ఊళ్లో కుర్రాళ్లు పెట్టిన పేరు రంపం. అతను పాడేది హార్డ్‌కోర్ ర్యాప్. రాగమూ పల్లవీ వెతుక్కునేవాళ్లకు అందులో ఏమీ దొరకదు. గుక్క తిప్పుకోకుండా, ఎదుటివాడి చొక్కా పట్టుకుని నిలదీసినట్టు మాటలు విసరడమే. మొదటిసారి విన్నప్పుడు అమ్మ హడలిపోయి, "ఎవర్రా నిన్ను అంత మాటన్నది? చెప్పు, వెళ్లి అడుగుదాం" అంది. నాన్న మాత్రం, "ముప్పై ఏళ్లుగా రంపం పట్టుకుని కోస్తున్నా, ఒక్కడైనా చప్పట్లు కొట్టాడా? వీడు ఆ పేరు పెట్టుకున్నాడో లేదో, ఈలలే ఈలలు" అన్నాడు.

నిన్నమొన్నటి దాకా వాళ్లది జంట. రంపం, డబ్బా. డబ్బా అంటే పక్కవీధి స్నేహితుడు. నాన్న షెడ్డులో ఖాళీ పెయింటు డబ్బా మీద దరువు వేస్తూ మొదలుపెట్టాడు కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. ఆరేళ్లు ఇద్దరూ ఒకే సంచీలో బట్టలు కుక్కుకుని ఊళ్లు తిరిగారు. ఇద్దరికీ ఒకటే కట్టుబాటు, అది డబ్బా పెట్టింది. తగలని దెబ్బ పాటలో పెట్టకూడదు. ఆకలితో పడుకోనివాడు ఆకలి అనకూడదు. లాఠీ తినని వాడు లాఠీ అనకూడదు. ఒకడు కొత్త పాట తెస్తే రెండోవాడు వింటాడు, విని, "ఎక్కడ తగిలింది? చూపించు" అంటాడు. తెచ్చినవాడు ఒంటి మీది మచ్చయినా చూపించాలి, జరిగిన రోజూ చోటూ అయినా చెప్పాలి. అప్పుడే ఆ పాట నలుగురి ముందుకు వెళ్లేది.

పోయినేడు ఇద్దరికీ చెడింది. పోస్టరు మీద ఎవరి పేరు ముందుండాలనే దగ్గర మొదలై, మాటా మాటా పెరిగి, "నువ్వు లేకపోతే నాకు గొంతు పెగలదనుకున్నావా?" అన్న దగ్గర తెగింది. అన్న సొంతంగా ఆల్బం చేస్తానన్నాడు. చేశాడు. ఎక్కడ తగిలిందో చూపించమని అడిగేవాడు మాత్రం పక్కన లేడు.

రికార్డింగంతా ఇంటి ముందున్న నాన్న షెడ్డులోనే. పొద్దున ఎనిమిది నుంచి కోత మిషను మోగుతూనే ఉంటుంది కాబట్టి, ఒంటిగంటకు నాన్న భోజనానికి లేచి మళ్లీ రెండింటికి వచ్చేలోపే ఏం చేసినా. రంపపు పొట్టు నింపిన సంచులు మూడు వైపులా తల ఎత్తు దాకా పేర్చి, మధ్యలో మైకు పెట్టుకునేవాడు అన్న. ఆ సంచుల మధ్య నిలబడితే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి అరుపు బయటికి పోదు. పొట్టు ముక్కులోకి పోయి తుమ్ములు రావడమొక్కటే ఇబ్బంది. ఎర్ర బటన్ నొక్కడం, నోటుపుస్తకం పట్టుకోవడం చీల పని.

నోటుపుస్తకం పని ఇంకోటుంది. అన్న రాత కోడి గెలికినట్టుంటుంది, రాసినవాడే చదువుకోలేడు. అందుకని పాట కుదిరాక చీల దాన్ని శుభ్రంగా ఎత్తి రాసేది. వేరే పుస్తకం ఎందుకని తన డైరీనే తిరగేసి, వెనక అట్ట వైపు నుంచి పాటలు రాసుకుంటూ వచ్చింది. ముందు నుంచి తన రోజులు, వెనక నుంచి అన్న పాటలు. రెండువందల పేజీల పుస్తకం, రెండూ ఎప్పటికి కలవాలిలే అనుకుంది. అన్న పుస్తకాన్ని పాటల వైపు నుంచి తప్ప తెరిచేవాడు కాదు. చెల్లెలి డైరీ చదవాలన్న ఆలోచన అతనికి ఏనాడూ రాలేదు, అది నిజం.

ఇక పిన్ని సంగతి.

పిన్ని అంటే అమ్మకు స్వయానా చెల్లెలు. అమ్మమ్మ మంచాన పడ్డప్పుడు చూసుకోవడానికని ఈ ఇంటికి వచ్చి, అమ్మమ్మ పోయాక కూడా ఉండిపోయింది. అమ్మమ్మ పడుకున్న గదిలోనే ఇప్పుడు పిన్నీ చీలా పడుకుంటారు. ఆ గది తలుపు ఏనాడూ పూర్తిగా పడదు, నేలకు గీసుకుని సగంలో ఆగిపోతుంది. "ఊరందరి తలుపులూ బిగిస్తాడు, ఇంట్లో తలుపు మాత్రం ఇట్లా ఏడుస్తుంది" అని అమ్మ రోజుకోసారి దెప్పేది. అమ్మమ్మ పిలిస్తే వినబడాలని అప్పట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. తర్వాత అలవాటైపోయింది.

పోయిన వానల్లో ఒక మధ్యాహ్నం చీల క్యారియరు పట్టుకుని లాండ్రీకి వెళ్లింది. కరెంటు పోయింది. మిగతావాళ్లు బయట అరుగు మీద చేరి కబుర్లలో పడ్డారు. పిన్ని ఒక్కతే పాత బొగ్గుల పెట్టె రాజేసుకుని, ఆసుపత్రి నుంచి వచ్చిన దుప్పట్లు ఒత్తుతోంది. ఎన్నిసార్లు ఉతికినా ఆ దుప్పట్లకు ఒక వాసన ఉంటుంది. ఆ వాసనే గుర్తు చేసిందో ఏమో, దుప్పటి మీంచి కళ్లెత్తకుండా, "ఒకరోజు మీ అమ్మమ్మని కొట్టానే" అంది.

చీల ఏమీ అనలేదు. చీల ఏమీ అనదనే పిన్ని చెప్పింది.

"నీళ్లు అంది. ఇచ్చాను. మళ్లీ నీళ్లు అంది. అప్పుడే ఇచ్చాను కదా అన్నాను. మళ్లీ అంది. చెయ్యి దానంతటదే లేచింది. చెంప మీద కొట్టాను. ఏడుస్తుందేమో అనుకున్నా. ఏడవలేదే. నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, నొప్పి పుట్టిందా అని అడిగింది. నా చేతికి."

పెట్టె ఒకేచోట ఆగిపోయింది. దుప్పటి అంచు గోధుమరంగుకు తిరిగింది. పిన్ని ఉలిక్కిపడి పెట్టె ఎత్తి, మాడిన చోటు లోపలికి వచ్చేలా మడత పెట్టింది.

"ఎవరితోనూ అనకు."

"నేనెవరితో అంటాను పిన్నీ?"

"అదీ నిజమేలే" అని పిన్ని ఆ దిగుల్లోనే ఫక్కున నవ్వింది. 

ఆ సాయంత్రం చీల ఆ మాటలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా డైరీలో రాసుకుంది. రాసుకోవడమంటే చెప్పడం కాదు కదా అనుకుంది. రోజూ రాసేదానికీ దీనికీ తేడా ఏమిటో ఆమెకు తట్టలేదు.

ఆల్బం వేసేవాళ్లు ఎనిమిది పాటలు కావాలన్నారు. అన్న దగ్గర ఏడే ఉన్నాయి. నెల తిరిగినా ఎనిమిదోది పుట్టలేదు. ఒకరోజు ఒంటిగంటకు మైకు ముందు కూర్చుని, పాత పాటల్లో ఏదైనా పనికొస్తుందేమోనని పేజీలు తిప్పుతూ పోయాడు. తిప్పగా తిప్పగా పాటలు అయిపోయాయి, తలకిందులుగా ఉన్న అక్షరాలు తగిలాయి. ఇదేం పాటో గుర్తులేదే అనుకుంటూ పుస్తకం తిప్పి పట్టుకుని చదివాడు. పేజీ మొదట తేదీ లేదు, పేరు లేదు. ఉన్నదల్లా 'నీళ్లు అంది. ఇచ్చాను'. అన్నీ పొట్టి పొట్టి మాటలు, ఊపిరి దగ్గర తెగుతున్నాయి. చదువుతూ చదువుతూ అతని కాలు దరువు వేయడం మొదలుపెట్టింది. సగం పేజీ దాటాక గానీ అది చెల్లెలి డైరీ అని అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఆ కాలు ఆగలేదు.

ఆ రోజు చీల షెడ్డులోకి వచ్చేసరికి అన్న చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తయారుగా ఉన్నాడు. నొక్కమని సైగ చేశాడు. ఆమె నొక్కింది. అన్న అరవలేదు. మొదటిసారి ఆ గొంతు మామూలు మనిషి గొంతులా వచ్చింది. ఎవరో తెలియడానికి అమ్మమ్మ అన్న మాట ఒక్కటి చేర్చాడు. అంతే, మిగతాదంతా ఉన్నదున్నట్టే. తన వాక్యాలు, తను చుక్క పెట్టిన చోట చుక్కలతో సహా, ఆ చిన్న గూట్లో గాలిలోకి లేస్తుంటే చీల ఒళ్లు ఝల్లుమంది.

అయిపోయాక అన్న హెడ్‌ఫోన్లు తీసి, ఆమె మొహంలోకి చూడలేక చేతులు చూసుకుంటూ, "తీసెయ్యమంటే తీసేస్తానే. నువ్వు చెప్పు" అన్నాడు.

అప్పుడు ఒక్క మాట చాలు. తీసెయ్ అంటే అన్న తీసేసేవాడు, ఆ సంగతి చీలకు తెలుసు. ఆమె నోరు తెరిచింది. తెరిచి ఇంకో మాట అంది. ఆ మాట ఇప్పటికి నాలుగు నెలలుగా, పిన్ని పక్కన పడుకున్నప్పుడల్లా ఆమె గుండెల మీద కూర్చుంటోంది.

చివర్న పుట్టిన ఆ పాట ఆల్బంలో ఏడోదైంది. ఆల్బం బయటికొచ్చి నాలుగు రోజులు. ఫోను మోగని గంట లేదు. ప్రతివాడూ "ఆ ఏడోది ఉందే..." అనే మొదలుపెడతాడు. ఏడ్చామన్నవాళ్లున్నారు. "ముసలిదాన్ని కొట్టి పాట కడతావా, సిగ్గులేదా?" అని తిట్టినవాళ్లున్నారు. మిగిలిన ఏడు పాటలూ విన్నానన్న పాపాన ఒక్కడూ పోలేదు. మూడేళ్లు కడుపులోంచి లాక్కుని రాసినవి అవి. అన్న మొహం రోజురోజుకీ పీక్కుపోతోంది. అమ్మకూ నాన్నకూ పిన్నికీ అతను ఆల్బం వినిపించలేదు. "మీకు నచ్చదులే, బూతులున్నాయి" అన్నాడు. నాన్న "ఎన్ని?" అని అడిగి, అమ్మ చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

ఆ ఆదివారం ముందు వచ్చింది డబ్బా. ఏడాది తర్వాత ఆ గుమ్మం తొక్కడం. "అమ్మా, బాగున్నారా?" అని అమ్మను పలకరించి, అన్నను పలకరించకుండా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. 

"ఏరా, విన్నావా?" అన్నాడు అన్నే చివరికి.

"విన్నా. దాని గురించే వచ్చా."

డబ్బా ఇంకేమీ అనేలోపు వాకిట్లోంచి మామయ్య గొంతు వినిపించింది. మామయ్య అమ్మకూ పిన్నికీ పెద్దన్నయ్య. ఇరవై రెండేళ్లుగా డిపో మైకులో బస్సుల రాకపోకలు చెప్పీ చెప్పీ, ఇంట్లో ఉప్పు అడిగినా ప్రకటన చేసినట్టే అడుగుతాడు. ఒక చేతిలో అరటిపళ్లు, రెండో చేతిలో పేపరు. ఆ పేపరు చూడగానే చీల గోడకు ఇంకా అతుక్కుపోయింది. ఇంట్లో పేజీ దాచింది గానీ, ఊళ్లో పేపర్లన్నీ ఎలా దాస్తుంది?

"మా మేనల్లుడు పేపర్లో పడ్డాడర్రా! బస్సెక్కేముందు డిపోలో అందరికీ చెప్పా. నేనింకా చదవలేదు, అందరి ముందూ చదువుదామని మడత కూడా విప్పలేదు!"

"మా పేపర్లో ఆ పేజీ రాలేదన్నయ్యా" అంది అమ్మ.

"వస్తుందా మరి, మీ పేపరబ్బాయి సంగతి నాకు తెలీదా? కూర్చోండి, కూర్చోండి. బావా, నువ్విటు రా. ఏదీ చిన్నది?"

పిన్ని తమ గది గడప మీద కూర్చుని నాన్న చొక్కాకు బొత్తాం కుడుతోంది. "ఇక్కడే ఉన్నాలే పెద్దన్నయ్యా, నీ గొంతు లాండ్రీ దాకా వినిపిస్తుంది, చదువు" అంది. అందరూ నవ్వారు.

అమ్మ ఇచ్చిన కాఫీ పక్కన పెట్టి, మామయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "రంపం తొలి సొంత ఆల్బంలో ఏడు పాటలు మనకు తెలిసిన కోపమే. గొంతు చించుకోవడం ఎక్కువ, చెప్పింది తక్కువ." ఆగి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఇదేంట్రా, తిడుతున్నాడు?"

"కింద పొగుడుతాడు మామయ్యా" అన్నాడు అన్న నేలకేసి చూస్తూ. "ఇంక చాల్లే, మిగతాది తర్వాత చదువుకో."

"పొగిడేది చదవకుండా తిట్టిందే చదివి ఊరుకుంటానా?"

"మామయ్యా, కాఫీ చల్లారిపోతోంది."

అన్నది చీల. ఇల్లంతా ఒక్క క్షణం ఆమె వైపు తిరిగింది. 

"ఓరినీ, చీల మాట్లాడింది!" అన్నాడు నాన్న. "బావా, నువ్వు వారానికోసారి రావయ్యా బాబూ." మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే మామయ్య కాఫీ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు పక్కన పెట్టాడు. చీల దగ్గరున్న ఉపాయం అదొక్కటే. అయిపోయింది.

"కానీ ఏడో పాట దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు దిగిపోతుంది" అని మామయ్య ఐదో నంబరు ప్లాట్‌ఫారం మీదికి బస్సు వస్తున్నంత ఉత్సాహంగా చదివాడు. "మంచం పట్టిన అమ్మమ్మ మళ్లీ మళ్లీ నీళ్లు అడుగుతుంటే విసిగిపోయి చెంప మీద కొట్టిన మనిషి కథ ఇది. కొట్టింది తనేనని అతను దాచుకోడు. 'అప్పుడే ఇచ్చాను కదా' అన్న తర్వాత ఒక్క క్షణం ఆగుతాడు. ఆల్బం మొత్తం మీద మనల్ని వదలనిది ఆ ఆగిన చోటే. ఆ తర్వాత అమ్మమ్మ అతని చెయ్యి పట్టుకుని..."

చదువుతున్న మాటలు అప్పటికి మామయ్య చెవికెక్కాయి. గొంతు మధ్యలో నిలిచిపోయింది. పేపరు కిందికి దించాడు.

"ఏంట్రా ఇది? మా అమ్మని కొట్టావా నువ్వు?"

చీల పిన్నిని చూడకూడదనుకుంటూనే చూసింది. పిన్ని సూది చొక్కాలో గుచ్చి ఉంది, దారం పైకి లాగి ఉంది. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంది.

"పాట మామయ్యా అది" అన్నాడు అన్న.

"పాటైతే?" డబ్బా స్టూలు మీంచి లేచాడు. అరవలేదు, మెల్లగానే అన్నాడు. "నేనూ దాని గురించే వచ్చా. ఎక్కడ తగిలిందిరా? చూపించు."

అన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీ అమ్మమ్మ పడుకున్న ఏడాదంతా నువ్వు నా పక్కనే ఉన్నావు. ఆవిడ పోయిన కబురొచ్చిన ఫోను ఎత్తింది నేను. ఎప్పుడు కొట్టావ్? ఏ బస్సెక్కి వచ్చి కొట్టి మళ్లీ వచ్చావ్?"

"కొట్టాను." అన్న గొంతు కీచుగా వచ్చింది. "ఓసారి వచ్చినప్పుడు. కొట్టాను, నేనే."

మామయ్య చెయ్యెత్తాడు. నాన్న మధ్యలోకి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ "అయ్యో, అన్నయ్యా, అన్నయ్యా" అంటోంది.

"వాడు కాదు" అంది పిన్ని.

ఎవరూ వినలేదు. పిన్ని చొక్కా పక్కన పెట్టి లేచి నిలబడింది.

"వాడు కాదు పెద్దన్నయ్యా. నేను."

మామయ్య చెయ్యి నాన్న చేతిలోనే ఉండిపోయింది. "నువ్వా? మా అమ్మనా?"

"మన అమ్మనే." పిన్ని గొంతులో ఏడుపు లేదు, బట్టల లెక్క చెబుతున్నట్టు చెప్పింది. "పగలూ రాత్రీ పద్నాలుగు నెలలు చూశాను. ఒక్కరోజు కొట్టాను. నువ్వు ప్రతి బస్సు టైమూ రాస్తావుగా, ఆ పద్నాలుగు నెలల్లో నువ్వెక్కిన బస్సు ఈ ఊరికి ఎన్నిసార్లొచ్చిందో చెప్పు. తర్వాత నన్ను కొడుదువుగాని."

మామయ్య కుర్చీలో కూలబడ్డాడు. పేపరు జారి కింద పడింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డబ్బా తలుపు వైపు చూసి, వెళ్లడానికి మొహం చెల్లక, అక్కడే నిలబడిపోయాడు. అన్న పెదవులు కదిలాయి. "పిన్నీ, నాకు తెలీదు, అది నువ్వని నాకు ముందు..."

"నీకు ఎవరు చెప్పారని నేనడగడం లేదురా" అంది పిన్ని. "నేను ఒక్కరికే చెప్పాను."

ఆమె చీల వైపు చూడను కూడా చూడలేదు. వెనక్కి తిరిగి గదిలోకి వెళ్లింది.

చీల గోడ వదిలింది. అంతమంది మధ్య నుంచి నడవడం ఆమెకు ఎప్పుడూ చేతకాదు. ఆ రోజు ఎవరిని తోసుకుంటూ వెళ్లిందో తెలీదు. గడప దగ్గరికి వచ్చేసరికి పిన్ని మంచం మీద కూర్చుంది. కూర్చోగానే పరుపు కింద కాగితం కరకరమంది. పిన్ని చెయ్యి పెట్టి లాగింది. నాలుగు మడతల పేజీ. విప్పి, చదవకుండానే మళ్లీ మడిచింది.

"పేపరబ్బాయిని అన్నాం అనవసరంగా."

"పిన్నీ, నేనెవరికీ చెప్పలేదు. రాసుకున్నానంతే. అన్న పాటలు వెనక నుంచి రాస్తానుగా, పేజీలు తిప్పుతుంటే..."

"పుస్తకం సంగతి సరే." పిన్ని ఆ పేజీని ఒళ్లో పెట్టుకుని, ఇస్త్రీ చేస్తున్నట్టు అరచేత్తో ఒత్తుతోంది. "వాడు పాడేటప్పుడు నువ్వు అక్కడ ఉన్నావా?"

"ఉన్నాను. బటన్ నేనే నొక్కాను."

"వద్దనలేదా?"

తన వెనక, గది బయట అన్న నిలబడి వింటున్నాడని చీలకు తెలుసు. వద్దన్నాను, అన్న వినలేదు అంటే, అన్న కాదనడు. కొట్టింది తనేనని ఇందాక చెప్పినవాడు, ఇదీ నెత్తిన వేసుకుంటాడు. పిన్ని రెండు రోజులు అలిగి, మూడో రోజు పక్కకు జరిగి చోటిస్తుంది.

"తీసెయ్యమంటావా అని అన్న నన్ను అడిగాడు పిన్నీ."

"నువ్వేమన్నావు?"

చీల తలుపు అంచు పట్టుకుంది.

"'అప్పుడే ఇచ్చాను కదా' తర్వాత కాస్త ఆగు అన్నాను. అక్కడ ఆగితే బాగుంటుంది అన్నాను."

పిన్ని ఒత్తడం మానేసింది.

"లాండ్రీలో చెప్పేటప్పుడు నేను అక్కడ ఆగానా?"

"ఆగావు."

"ఊఁ." ఆమె తన కుడిచేతిని చూసుకుంది. "బాగుందా మరి?"

అబద్ధం చెప్పడానికి చీలకు ఇంకో సందు దొరికింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, చెంపల మీదికి దిగాయి. అయినా తల ఊపింది.

"బాగుంది పిన్నీ."

పిన్ని లేచింది. మంచం మీంచి చీల దిండు తీసింది. దిండు కింద నోటుపుస్తకం ఉంది. దాన్ని ముందువైపు తెరవలేదు, వెనకవైపూ తెరవలేదు. దిండు మీద పెట్టి, రెండూ కలిపి చీల చేతుల్లో పెట్టింది. భుజం పట్టుకుని ఆమెను గడప ఇవతలికి జరిపింది. విసురుగా కాదు, ఇరుకు దారిలో పక్కకు తప్పుకోమన్నట్టు.

తర్వాత తలుపు మీద చెయ్యి వేసింది. తలుపు ఎప్పటిలాగే సగం దాకా వచ్చి నేలకు గీసుకుని ఆగింది. పిన్ని దాన్ని రెండు చేతులతో కాస్త పైకెత్తి, భుజం ఆనించి, బలమంతా పెట్టి నెట్టింది. నేల మీద తెల్లటి గీత ఒకటి పడుతూ పోయింది. అన్నేళ్లుగా పడని తలుపు, చీల మొహం ముందు, చివరిదాకా పడింది.